మా ఎలక్ట్రిక్ ట్రక్కు: రెండేళ్లు, 24 వేల మైళ్లు, ఒక తుఫాను, రెండు నిమజ్జనాలు

ఏ పాట్‌లక్‌కి (తలా ఒక వంట తెచ్చుకునే విందుకి) వెళ్లినా ప్లేట్లో పులిహోర పెట్టుకునేలోపే ఎవరో ఒకరు పక్కన చేరి "అన్నా, ఆ కరెంటు ట్రక్కు ఎలా ఉంది, కొనొచ్చా?" అని అడుగుతున్నారు. ప్రతిసారీ మొదట్నుంచి చెప్పేసరికి పులిహోర చల్లారిపోతోంది, అందుకే ఒక్కసారి ఇక్కడ రాసి పడేస్తున్నా, ఇక అడిగినవాళ్లకి ఇదే పంపిస్తా.

బండి ఫోర్డ్ ఎఫ్-150 లైట్నింగ్, 2023 మోడల్, లారియట్ అనే రకం, పెద్ద బ్యాటరీది. మేముండేది టెక్సస్‌లో, హ్యూస్టన్ పక్కన కాటీలో. 2024 మార్చిలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నా, అప్పటికి 14 వేల మైళ్లు తిరిగింది, ఇప్పుడు మీటర్ 38 వేలు దాటింది. కొత్తప్పుడు స్టిక్కర్ మీద 80 వేల డాలర్లు దాటి ఉన్న బండి నాకు 54 వేలకి వచ్చింది, అంటే మొదటాయన ఏడాది నడిపి పాతిక వేల పైచిలుకు వదులుకున్నాడు పాపం. ఆయనెవరో తెలీదు గానీ రోజూ పొద్దున్నే ఒక నమస్కారం పెట్టుకుంటా. కాబట్టి నా మొదటి మాట, ఎలక్ట్రిక్ ట్రక్కు కొంటే పాతదే కొనండి, కొత్తదాని జోలికి వెళ్లకండి. ఇప్పుడు కొత్తది ఎలాగూ రాదు అనుకోండి, 2025 డిసెంబర్‌లో ఫోర్డ్ వాళ్లు పూర్తి ఎలక్ట్రిక్ లైట్నింగ్ ఆపేస్తున్నాం, తర్వాత వచ్చేదాంట్లో ఛార్జింగ్ కోసం చిన్న పెట్రోల్ జనరేటర్ కూడా ఉంటుంది అని చెప్పేశారు. ఆ వార్త వచ్చిన రోజు నాకు వాట్సాప్‌లో పదకొండు మెసేజ్‌లు, అన్నీ ఓదార్పులే, ఎవరో పోయినట్టు.

ముందు గరాజ్ సంగతి, ఎందుకంటే నేను చేసిన మొదటి తప్పు అక్కడే. ఈ బండి పొడుగు దాదాపు 19 అడుగుల 5 అంగుళాలు. మన సబ్‌డివిజన్ (కాలనీ) ఇళ్లలో గరాజ్ లోతు ఇరవై అడుగులు ఉంటే గొప్ప. కొలిచి చూస్తే సరిపోతుంది అనుకున్నా గానీ గరాజ్‌లో ఎదురుగోడకి రెండో ఫ్రిజ్ ఉంది, దాని పక్కన సోనా మసూరి బస్తాలు, ఊరగాయ జాడీలు, కాస్ట్‌కో టిష్యూ పేపర్ల గుట్ట. బండి లోపలికి పెట్టి తలుపు వేస్తే సెన్సర్ ఒప్పుకోలేదు, పైకి లేచిపోయింది. ఫ్రిజ్ తీసెయ్యమంటే మా ఆవిడ "బండి తీసెయ్యండి" అంది. అంతే, అప్పట్నుంచి బండి డ్రైవ్‌వేలోనే, ఛార్జింగ్ కేబుల్ గరాజ్ తలుపు కిందనుంచి బయటికి వస్తుంది.

ఇంట్లో ఛార్జింగ్ లేకపోతే ఈ బండి గురించి ఆలోచించనే వద్దు, అపార్ట్‌మెంట్‌లో ఉన్నవాళ్లు ఇక్కడితో చదవడం ఆపేసినా పర్లేదు. మొదటి ఓనర్‌కి ఫోర్డ్ పెద్ద 80 యాంప్ ఛార్జర్ ఇచ్చింది, అది ఆయన గోడకే ఉండిపోయింది, నాకు రాలేదు. నేను 240 వోల్టుల ఔట్‌లెట్, 50 యాంప్ బ్రేకర్ పెట్టించుకుని దానికి 40 యాంప్ ఛార్జర్ తగిలించా. ఒక ఎలక్ట్రీషియన్ 1900 డాలర్లు అన్నాడు, ఇంకొకాయన అదే పని 750కి చేశాడు, ప్యానెల్ గరాజ్‌లోనే ఉండడం వల్ల వైరు పది అడుగులే పడింది. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి, ఔట్‌లెట్ మటుకు పదిహేను డాలర్ల చవకది పెట్టనివ్వకండి, రాత్రంతా గంటల తరబడి 40 యాంప్‌లు లాగితే చవకవి వేడెక్కి కరిగిపోతాయి, ఇండస్ట్రియల్ గ్రేడ్‌ది తెప్పించుకోండి, యాభై అరవై డాలర్లు ఎక్కువైనా సరే.

బ్యాటరీ వాడుకోగలిగింది 131 యూనిట్లు. యూనిట్ అంటే మన కరెంటు బిల్లులో యూనిటే. రాత్రి పదింటికి 20 శాతంలో తగిలిస్తే పొద్దున ఏడింటికి 80కి వస్తుంది, అంటే తొమ్మిది గంటలు. రోజూ 90 దాటించొద్దని కంపెనీవాళ్లే చెప్తారు, నేను 80 దగ్గరే ఆపుతా, ఊరెళ్లేటప్పుడు మాత్రమే 100. బ్యాటరీ వారంటీ ఎనిమిదేళ్లు లేదా లక్ష మైళ్లు కాబట్టి ఆ లోపల దాని గురించి పెద్ద దిగులు పెట్టుకోను.

ఇక డబ్బు లెక్క. "ఈవీ అంటే ఫ్రీ కదా అన్నా" అనేవాళ్ల కోసం ఇది. నాకు యూనిట్‌కి సగటున రెండు మైళ్లు వస్తాయి, ఛార్జింగ్‌లో పోయేది కూడా కలుపుకుంటే వంద మైళ్లకి 53, 54 యూనిట్లు. మా రేటు 13 సెంట్లు, అంటే వంద మైళ్లకి ఏడు డాలర్లు. పెట్రోల్ ఎఫ్-150 అయితే గ్యాలన్‌కి ఇరవై మైళ్లు వేసుకుంటే అయిదు గ్యాలన్లు, మా దగ్గర రేటుకి 14 డాలర్లు. సగానికి సగం మిగిలినట్టే కదా, బాగానే ఉంది. కానీ టెక్సస్‌లో 2023 సెప్టెంబర్ నుంచి ఎలక్ట్రిక్ బండికి రిజిస్ట్రేషన్ రెన్యువల్‌లో ఏటా 200 డాలర్లు అదనం, కొత్త బండయితే మొదట్లోనే 400. ఇన్సూరెన్స్ ఎక్కువ. బయట ఫాస్ట్ ఛార్జింగ్ ఇంటిరేటుకి మూడింతలు. అన్నీ కలిపి కూడికలు తీసివేతలు చేస్తే నాకు రెండేళ్లలో మిగిలింది వెయ్యి డాలర్లకి లోపే, ఆ మిగిలింది కాస్తా టైర్లు తినేశాయి. "రాత్రిపూట కరెంటు ఫ్రీ" ప్లాన్లు కూడా ఒకసారి చూశా, అందులో పగటి రేటు బాగా ఎక్కువ, హ్యూస్టన్ ఎండాకాలంలో పగలంతా ఏసీ తిరుగుతూనే ఉంటుంది, నాన్నా అమ్మా వచ్చినప్పుడు మరీనూ, ట్రక్కు మీద మిగిలింది ఏసీ మీద పోతుంది. మీ ఇంట్లో పగలు ఎవరూ ఉండకపోతే మాత్రం లెక్క వేసుకోండి.

టైర్లు అన్నాను కదా. బండి బరువు ఆరున్నర వేల పౌన్ల పైనే, పైగా పెడల్ తొక్కగానే 580 హార్స్‌పవర్. సిగ్నల్ దగ్గర పక్కన మస్టాంగ్ ఆగితే మనకి ఆగదు కదా కాలు. ఫలితం 31 వేల మైళ్లకే నాలుగు టైర్లూ బోడి, 1280 డాలర్లు. తప్పు టైరుది కాదు, నా కాలుది. ఆ తర్వాత నుంచి స్పోర్ట్ మోడ్ ముట్టుకోవట్లేదు (అబద్ధం, తగ్గించా అంతే).

మెయింటెనెన్స్ అని పెద్ద పేరు గానీ ఇందులో చెప్పడానికి ఏమీ లేదు. ఆయిల్ లేదు, ప్లగ్గులు లేవు, సైలెన్సర్ లేదు. పదివేల మైళ్లకి టైర్లు రొటేట్ చేయించాలి, ఇరవై వేలకి ఏసీ ఫిల్టర్ మార్చాలి, వైపర్ నీళ్లు పోసుకోవాలి, అంతే. బ్రేకులు అసలు అరగవు, కాలు తీస్తే బండి దానంతటదే ఆగుతూ కరెంటు వెనక్కి తీసుకుంటుంది. నేను అయితే నెలకోసారి ఖాళీ రోడ్డు మీద కావాలనే బ్రేకు గట్టిగా తొక్కుతా, లేకపోతే ఇక్కడి తేమకి డిస్కులు తుప్పు పడతాయేమోనని. అన్నట్టు ఇంత పెద్ద బ్యాటరీ ఉన్నా మామూలు కార్లకి ఉండే 12 వోల్టుల చిన్న బ్యాటరీ కూడా ఇందులో ఉంది, తలుపులు, కంప్యూటర్లు అన్నీ దాని మీదే లేస్తాయి, అది పోతే పెద్దది నిండుగా ఉన్నా బండి కదలదు. ఇండియాకి నెల రోజులు వెళ్లేముందు ఆ సంగతి గుర్తుంచుకోండి.

సర్వీస్ మాత్రం తలనొప్పి. మా దగ్గర్లో ఉన్న ఒక డీలర్ దగ్గరికి టైర్ రొటేషన్‌కి వెళ్తే కౌంటర్‌లో అబ్బాయి స్క్రీన్ చూసి "సర్, మీకు ఆయిల్ చేంజ్ కూడా డ్యూ ఉంది" అన్నాడు. బాబూ ఇది ఎలక్ట్రిక్ అంటే "ఓహ్" అని లోపలికెళ్లి వచ్చి, ఎలక్ట్రిక్ చూసే మెకానిక్ ఒక్కడే ఉన్నాడు, గురువారం రమ్మన్నాడు. టైర్లు మార్చడానికి ఎలక్ట్రిక్ మెకానిక్ ఎందుకో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు. ఆయిల్ చేంజ్ కూపన్లు ఇప్పటికీ ఫోన్‌కి వస్తూనే ఉన్నాయి. ఇప్పుడు టైర్ల షాపులోనే చేయించుకుంటున్నా, అరగంట పని.

ముందు డిక్కీ సంగతి చెప్పకపోతే మా ఆవిడ ఒప్పుకోదు. ఇంజిన్ ఉండాల్సిన చోట పేద్ద పెట్టె, ఫ్రంక్ అంటారు, 400 పౌన్లు మోస్తుంది, బటన్ నొక్కితే గ్రిల్‌తో సహా పైకి లేస్తుంది. మన సరుకుల షాపులుండే హిల్‌క్రాఫ్ట్ వెళ్లినప్పుడల్లా బియ్యం, కందిపప్పు, ములక్కాడలు, గోంగూర కట్టలు అన్నీ అందులోకే. అడుగున నీళ్లు పోయే రంధ్రం కూడా ఉంది, చేపలు ఐసులో పెట్టి తెచ్చి తర్వాత పైపుతో కడిగేస్తా. పులస కాదులెండి, ఇక్కడ దొరికే క్యాట్‌ఫిష్షే. ఎండుచేపలు మాత్రం ఒకసారి తెచ్చి నాలుగు వారాలు వాసన పోగొట్టుకోలేక చచ్చా, అది బండి తప్పు కాదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. 2024 జులై 8, సోమవారం పొద్దున బెరిల్ తుఫాను. మటగోర్డా దగ్గర తీరం దాటి నేరుగా మా మీదకే వచ్చింది, హ్యూస్టన్ చుట్టుపక్కల ఇరవై రెండు లక్షల పైచిలుకు కనెక్షన్లకి కరెంటు పోయింది. మా వీధిలో నాలుగో రోజు సాయంత్రానికి గానీ రాలేదు. జులై ఎండ, ఆ ఉక్క, తెనాలి నుంచి వచ్చిన మా అమ్మ ఇంట్లో. పెట్రోల్ బంకుల దగ్గర డబ్బాలు పట్టుకుని జనం లైన్లు, వీధంతా జనరేటర్ల రొద, పొగ.

మా ట్రక్కు 88 శాతంలో ఉంది. ఈ లారియట్‌కి వెనక తొట్టిలో, ముందు ఫ్రంక్‌లో, లోపల సీట్ల దగ్గర అన్నిచోట్లా మామూలు 120 వోల్టుల సాకెట్లు, తొట్టిలో ఒక 240 వోల్టులది, మొత్తం 9.6 కిలోవాట్లు ఇస్తుంది. మందపాటి ఎక్స్‌టెన్షన్ వైర్లు మూడు ఇంట్లోకి లాగాను. రెండు ఫ్రిజ్‌లు, వైఫై, ఫ్యాన్లు, ఒక పోర్టబుల్ ఏసీ. అందరం ఒకే గదిలో పడుకున్నాం, పెళ్లింట్లో పడుకున్నట్టు. రోజుకి 15 శాతం చొప్పున తిన్నది, ఏసీయే అందులో మూడొంతులు. నాలుగో రోజు కరెంటు వచ్చేసరికి ఇంకా 28 శాతం ఉంది.

రెండో రోజు అమ్మకి విసుగొచ్చింది, పప్పు నానబోసి ఉంది కదా, వృథా అయిపోతుందని. "ఒరేయ్, ఆ గ్రైండరు కూడా నీ లారీకి పెట్టరా" అంది. వైర్లన్నీ ఫ్రిజ్‌లకి పోయాయి, లోపలికి ఇంకో వైరు లేదు. సరే అని గ్రైండర్‌నే ఎత్తుకెళ్లి తొట్టి తలుపు దించి దాని మీద పెట్టా. 150 వాట్లు కూడా తినదు అది, బండికి దోమ కుట్టినట్టు. అమ్మ ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని డ్రైవ్‌వేలో కూర్చుని, పక్కన చెంబుతో నీళ్లు, మధ్యమధ్యలో పిండి వేళ్లతో నలిపి చూస్తూ, ఎదురింటి టెక్సస్ పెద్దాయన తన జనరేటర్‌లో పెట్రోల్ పోయడం ఆపి మరీ చూస్తున్నాడు. కాసేపటికి వచ్చి ఇదేమన్నా సిమెంటు కలిపే మిషనా అని అడిగాడు. మర్నాడు పొద్దున ఆయనకీ నాలుగు ఇడ్లీలు వెళ్లాయి, ఆయన ఇన్సులిన్ మా ఫ్రిజ్‌లోకి వచ్చింది. 54 వేలు ఎందుకు పెట్టావురా అని నాలుగు నెలలుగా సాధించిన మా నాన్న ఫోన్లో ఆ ఫోటో చూసి "బానే ఉంది" అన్నాడు, ఆయన నోట అంతకంటే పెద్ద మెచ్చుకోలు నేను పుట్టి వినలేదు.

ఒక జాగ్రత్త, ఇలా ఎక్స్‌టెన్షన్ వైర్లతో వాడుకోవడం వేరు, ఇంటి మొత్తానికి కలపడం వేరు. రెండు వైపులా మగ ప్లగ్గులున్న వైరు కొని డ్రయ్యర్ సాకెట్‌లో పెట్టేద్దాం అని ఒక తెలివైన ఫ్రెండ్ సలహా ఇచ్చాడు, పొరపాటున కూడా చెయ్యకండి, కరెంటు బయట లైన్లోకి పోయి స్తంభం మీద పనిచేసేవాడి ప్రాణం పోతుంది. పద్ధతిగా ఇంటికి కలపాలంటే ఇంటిని బయటి లైన్ నుంచి విడదీసే ట్రాన్స్‌ఫర్ స్విచ్ కావాలి, అది వేల డాలర్ల పని, నేను పెట్టించుకోలేదు, నాకు వైర్లు చాలు.

తర్వాత వినాయక నిమజ్జనం. మా సబ్‌డివిజన్‌లో ఇంతకుముందు పికప్ అద్దెకి తెచ్చి దాంట్లో ఒక జనరేటర్ పెట్టేవాళ్లు, పాటల కంటే జనరేటర్ చప్పుడే ఎక్కువ వినిపించేది, వెనక నడిచే ఆడవాళ్లు, పిల్లలు పొగకి దగ్గుకుంటూ నడిచేవాళ్లు. 2024 నుంచి మా ట్రక్కే రథం. స్పీకర్లు, సీరియల్ లైట్లు, అన్నీ తొట్టిలో సాకెట్లకే, బండి కదులుతున్నా కరెంటు వస్తూనే ఉంటుంది. గంటకి రెండు మైళ్ల స్పీడులో చప్పుడు లేకుండా పాకుతుంది, పొగ లేదు, క్లచ్ వాసన లేదు. రెండున్నర గంటల ఊరేగింపుకి, చిందులకి, మధ్యలో మూడుచోట్ల హారతులకి కలిపి తిన్నది అయిదు శాతం. చప్పుడు లేకపోవడమే ఒక్క ఇబ్బంది, బండి ముందు డాన్స్ చేసేవాళ్లకి వెనక నుంచి వస్తున్నట్టే తెలీదు, అందుకే మా బుడ్డోడిని ముందు ఈల ఇచ్చి నడిపిస్తున్నాం.

అలాగని దూరాలు పోయేవాళ్లకి ఈ బండి సరిపోతుందని చెప్పను. స్టిక్కర్ మీద 320 మైళ్లు అని ఉంటుంది, 75 స్పీడులో ఐ-45 హైవే మీద పోతే నాకు 260 వస్తుంది. డాలస్ పక్కన ఐర్వింగ్‌లో అక్కావాళ్ల ఇంటికి వెళ్లాలంటే దారిలో ఒకసారి ఆగాల్సిందే. 15 నుంచి 80 శాతానికి 41 నిమిషాలు అని ఫోర్డ్ చెప్తుంది, నాకు 45 అవుతుంది. 2024 ఫిబ్రవరి ఆఖర్నుంచి టెస్లా సూపర్‌ఛార్జర్లు ఫోర్డ్ బండ్లకి కూడా తెరిచారు, అడాప్టర్ పెట్టుకుంటే చాలు, అదే మనల్ని బతికించింది. కాకపోతే మన బండి పోర్టు ముందు ఎడమవైపు ఉంటుంది, వాళ్ల కేబుల్ వాళ్ల కార్లకి కొలిచి చేసింది, పొట్టి. అందుకని పక్క గడిలోకి జరిగి అడ్డంగా పెట్టాలి, అంటే ఒక్క బండికి రెండు చోట్లు. ఒకసారి వెనక లైన్లో ఉన్న టెస్లాయన దిగి గుర్రుగా వచ్చాడు, దగ్గరికొచ్చాక ఇద్దరం మొహాలు చూసుకుని "తెలుగా?" అనుకున్నాం, గుంటూరట, ఆ తర్వాత ఇరవై నిమిషాలు రియల్ ఎస్టేట్ మాట్లాడుకున్నాం. వేరే కంపెనీల ఛార్జర్ల గురించి ఎక్కువ చెప్పను, ఒక షాపింగ్ కాంప్లెక్స్‌లో నాలుగుంటే రెండు పనిచెయ్యవు, మూడోదానికి స్క్రీన్ లేదు, నాలుగోదాని దగ్గర అప్పటికే ముగ్గురు.

ట్రైలర్ తగిలిస్తే ఇంకో కథ. మా బావమరిది ఆస్టిన్‌కి మారుతుంటే యూహాల్ వాళ్ల అద్దె ట్రైలర్ తగిలించి సామాను వేసుకెళ్లా. ఈ బండి పదివేల పౌన్ల దాకా లాగుతుంది, బలానికి లోటే లేదు, ఎత్తు మీద కూడా వెనక ఏమీ లేనట్టే పోయింది. కానీ ఆ డబ్బా లాంటి ట్రైలర్‌కి గాలి కొట్టి రేంజ్ సగానికి పడిపోయింది, యూనిట్‌కి ఒక మైలు. 165 మైళ్ల దారికి మధ్యలో ఆగాల్సి వచ్చింది, ఆగితే ఛార్జర్ గడిలో ట్రైలర్ పట్టదు, ఎండలో ట్రైలర్ ఊడదీసి పక్కన పెట్టి, ఛార్జ్ చేసి, మళ్లీ తగిలించి. బావమరిది కారులో ముందెళ్లి అక్కడ బిర్యానీ తిని నిద్రపోయి లేచాక మేం చేరాం. వారం వారం ట్రైలర్ లాగే పని ఉంటే డీజిల్ ట్రక్కు కొనుక్కోండి, మొహమాటం లేకుండా చెప్తున్నా.

చలి మాకు పెద్దగా లేదు. 2025 జనవరిలో హ్యూస్టన్‌లో మంచు పడిన వారం రేంజ్ పావు వంతు తగ్గింది. 2023 మోడల్‌లో హీట్ పంప్ (తక్కువ కరెంటుతో వెచ్చగా ఉంచేది) లేదు, 2024 నుంచి ఇచ్చారు, కాబట్టి షికాగో, న్యూజెర్సీ వాళ్లు కొంటే 2024 లేదా తర్వాతదే చూడండి. మాలాంటివాళ్లకి సీటు హీటర్ చాలు. ఏ సంవత్సరందైనా సరే, కొనేముందు బండి నంబర్ ప్రభుత్వ రీకాల్ (లోపాలకి కంపెనీ వెనక్కి పిలిచే బండ్ల) సైట్‌లో కొట్టి, చెయ్యాల్సిన పనులేమైనా పెండింగ్ ఉన్నాయేమో చూసుకోండి, అయిదు నిమిషాల పని.

స్టార్లు ఇవ్వమంటే నాలుగు ఇస్తా. ఒకటి కోత ట్రైలర్‌కి. అరస్టార్ టైర్లకి కూడా కొయ్యాలి గానీ చెప్పాను కదా, అది నా కాలుకి కొయ్యాలి. కంపెనీ ఆపేసింది కదా అమ్మేస్తావా అని అడుగుతున్నారు, లేదు. మే నెలలో అమ్మ మళ్లీ వస్తోంది, టికెట్ బుక్ అయిపోయింది, ఫోన్లో మొదటి మాట "తుఫాన్లు ఎప్పుడు మొదలవుతాయిరా అక్కడ?" అని. జూన్ అని చెప్పా. రెండోది, ఆ ఎదురింటాయన ఇడ్లీలోకి కారప్పొడి తింటాడా అని.